కారు టోటల్ అయింది, లోపలి డేటా ఎలా తీయించాలి?

ఫ్రిస్కో_బావ:
అన్నలూ, పోయిన గురువారం ఆఫీసు నుంచి వస్తున్నా. నాకు పచ్చ లైటే. ఎదురుగా ఒక పికప్ ఎడమకి తిప్పి నా ముందుకొచ్చేసింది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి, మోచెయ్యి కమిలింది, అంతే. ఇప్పుడు ఆ పికప్ నడిపినాయనేమో నేను 60 మైళ్ల స్పీడులో వచ్చానంటున్నాడు. లిమిట్ 45, నేను 45 దాటలేదు. సాక్షులు లేరు. డ్యాష్‌క్యామ్ మూడేళ్లుగా ఆన్‌లైన్ కార్ట్‌లోనే ఉంది, కొననేలేదు. కారు టోటల్, అంటే బాగుచేయించడం దండగ అని తేల్చి, మా ఇన్సూరెన్స్ వాళ్లు టైటిల్ (కారు ఓనర్‌షిప్ కాగితం) సంతకం పెట్టి పంపమంటున్నారు. ఇంజిన్ కంప్యూటర్‌లో అంతా ఉంటుందని కొలీగ్ అన్నాడు. నిజమేనా?

షెడ్డు_మామ:
తమ్ముడూ, ముందు ఆ పెన్ను పక్కన పెట్టు. హ్యూస్టన్‌లో పద్నాలుగేళ్లు బాడీ షాపులో పనిచేశాను, ఈ తొందర చాలామంది చేశారు. 2015 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఆ డేటా కారు ఓనరుది. టైటిల్ ఇచ్చేస్తే ఓనరు నువ్వు కాదు, పాడైన కార్లు పెట్టే యార్డ్‌లో ఆ కారు ముక్కలైతే అడగడానికి ఏమీ మిగలదు.

ఇంకోటి, అది ఇంజిన్ కంప్యూటర్ కాదు. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్. చాలా కార్లలో గేర్ దగ్గరి కన్సోల్ కింద బోల్టులేసి ఉంటుంది, చిన్న టిఫిన్ డబ్బా అంత. గుద్దుకోవడానికి ముందు ఐదు సెకన్లు, అర సెకనుకోసారి స్పీడు, యాక్సిలరేటర్ ఎంత నొక్కావు, బ్రేక్ మీద కాలుందా లేదా రాసుకుంటుంది. సీటు బెల్టు సంగతీ అందులోనే. మాటలు రికార్డు చెయ్యదు. నీ ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి కాబట్టి ఆ రికార్డు లాక్ అయిపోయింది, బ్యాటరీ పోయినా చెరగదు. చిన్న దెబ్బలదైతే తర్వాతి దెబ్బ దాన్ని చెరిపేయొచ్చు.

యాక్సిడెంట్ రీకన్‌స్ట్రక్షన్, అంటే యాక్సిడెంట్ ఎలా జరిగిందో లెక్కగట్టి తేల్చేవాళ్ల దగ్గర ఆ డేటా చదివే బాష్ కంపెనీ కిట్ ఉంటుంది, నీ కారుకు అది పనిచేస్తుందేమో ముందే కనుక్కో. కారు కదపొద్దని, మాడ్యూల్ ముట్టొద్దని ఇన్సూరెన్స్ అడ్జస్టర్‌కీ (నీ క్లెయిమ్ చూసేవాడు) యార్డ్‌కీ ఈరోజే రాతపూర్వకంగా పంపు.

జెర్సీ_పద్మ:
మా న్యూజెర్సీలో 2007లో గవర్నర్ కోర్జైన్ గారి సబర్బన్ కారుకి గార్డెన్ స్టేట్ పార్క్‌వే హైవే మీద యాక్సిడెంట్ అయినప్పుడు అందరూ పక్కవాళ్ల తప్పే అనుకున్నాం. ఆ పెట్టె చదివితే 91 మైళ్లు, లిమిట్ 65. నడిపింది ఆయన ట్రూపర్ (స్టేట్ పోలీసు), బెల్టు లేనిది గవర్నర్ గారికే. కాబట్టి బావగారూ, మీరు నిజంగా 45 లోపే ఉన్నారా?

షెడ్డు_మామ:
పద్మ గారు కరెక్టుగా అడిగారు. నా సొంత కారుదే చెబుతా. 40 దాటలేదని మా ఆవిడతో ఒట్టేశాను. నాకు యాక్సిడెంట్ అయ్యాక ఆ పెట్టె చదివిన కాగితం చూస్తే 47, 47, 48, బ్రేక్ అని కనబడేది చివరి గడిలో మాత్రమే. ఇంకో సంగతి, ఆ స్పీడు చక్రాల నుంచి తీసుకునేది. టైర్లు లాక్ అయి జారితే తక్కువ చూపిస్తుంది, చదివేవాడికి ఇది తెలియాలి. 45లో ఐదు సెకన్లంటే 330 అడుగులు. నువ్వు ఆ పికప్‌ని ఎంత దూరంలో చూశావో గుర్తు తెచ్చుకో.

ఫ్రిస్కో_బావ:
మామా, మెయిల్స్ పంపాను. యార్డ్ వాడు రోజుకి అద్దె పడుతుంది, శుక్రవారం లోపు తేల్చుకోమన్నాడు. నేను 45 లోపేనండీ పద్మ గారూ... 47 అయినా అయ్యుంటుందా అని రాత్రి నుంచి టెన్షన్.