డిజిటల్ మీడియాలో ఎంఏకి ఇల్లు తాకట్టు పెట్టడం తెలివైన పనేనా?

ఖమ్మం_డెస్క్:
డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక తెలుగు వెబ్‌సైట్‌లో సబ్ ఎడిటర్‌గా చేరి 14 నెలలైంది, జీతం 19 వేలు, రోజుకి పాతిక కాపీలు (అంటే వార్తలు) రాయాలి, అందులో ముప్పావు వంతు వార్తా ఏజెన్సీలు పంపినవాటిని తిప్పి రాయడమే. ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీ నుంచి ఎంఏ డిజిటల్ మీడియాకి ఆఫర్ వచ్చింది. ఏడాది కోర్సు, 2026 సెప్టెంబరులో మొదలు, ఫీజు 18,500 పౌండ్లు. లోన్ ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు కావాలంది బ్యాంకు. పొలం పెడతామంటే కుదరదంది, ఖమ్మంలో ఉన్న ఒక్క ఇల్లే పెట్టాలి. నాన్న సరే అన్నారు, అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. చదువయ్యాక రెండేళ్లు అక్కడే ఉండి ఉద్యోగం చూసుకోవచ్చు అంటున్నారు కన్సల్టెన్సీ వాళ్లు. సూటిగా చెప్పండి, వెళ్లాలా వద్దా?

గోదారిగట్టు:
వద్దు. ఇది చేస్తూ నేర్చుకునే పని. యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉంటే చాలు, మార్కుల మెమో ఎవడూ అడగడు. మా వీధిలో ఒక కుర్రాడు ఇంటర్ ఫెయిలై, వాళ్ల పెద్దమ్మ పూతరేకులు చుట్టడం ఫోన్‌లో తీసి పెట్టడం మొదలెట్టాడు, ఇప్పుడు మీ జీతానికి రెండింతలు తెచ్చుకుంటున్నాడు.

వత్తులు_విడిపోయినవాడు:
గోదారి అన్నా, ఆ కుర్రాడి లాంటివాళ్లు ఇంకో వంద మంది ఫోన్ పక్కన పడేసి మళ్లీ పనుల్లోకి పోయారు, వాళ్ల వీడియోలు మనకి కనబడవు కాబట్టి లెక్కలోకి రారు.

నేను మనుషుల్ని తీసుకునే వైపు కూర్చుంటాను కాబట్టి నా అనుభవం చెప్తా. పోయినేడాది ఇద్దరికి ఒకటే పరీక్ష పెట్టాను. అను ఫాంట్‌లో (డీటీపీ వాళ్లు వాడే పాత తెలుగు ఫాంట్) ఉన్న పాత పేజీ ఇచ్చి, ఏ ఫోన్‌లోనైనా కనబడే యూనికోడ్‌లోకి మార్చి, వెబ్‌కి హెడ్డింగ్ పెట్టి, ఒక థంబ్‌నెయిల్ (వార్త పక్కన కనబడే చిన్న బొమ్మ) చేసి ఇమ్మన్నా. మొదటతను విదేశంలో మాస్టర్స్ చేసొచ్చాడు, పాఠకుల గురించి అరగంట చక్కగా మాట్లాడాడు, తీరా థంబ్‌నెయిల్ చూస్తే ‘శ్రీశైలం’లో రావత్తు ఊడి పక్కన కూర్చుంది. మా దగ్గరున్న పాత ఫొటోషాప్‌లో భారతీయ లిపులకి టెక్స్ట్ ఇంజిన్ (అక్షరాలు పేర్చే సెట్టింగ్) మార్చాలని అతనికి తెలియదు. రెండో అతను డీటీపీ షాపులో పనిచేసినవాడు, పావుగంటలో మూడూ చేసి ఇచ్చాడు. రెండో అతన్నే తీసుకున్నాను. ఆరు నెలలయ్యాక ‘మన పాఠకులు రెండో పేరాలోనే ఎందుకు వెళ్లిపోతున్నారు’ అని అడిగితే నా మొహం చూశాడు. ఆ రోజు మొదటతను గుర్తొచ్చిన మాట నిజం.

లీడ్స్_లైబ్రరీ:
ఖమ్మం గారూ, కన్సల్టెన్సీ వాళ్లు పాత లెక్క చెప్తున్నారు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక అక్కడ ఉండనిచ్చేది) 18 నెలలే. ఈ సెప్టెంబరులో చేరితే మీ కోర్సు అయ్యేసరికి ఆ తేదీ ఎప్పుడో దాటిపోతుంది, కాబట్టి మీకు ‘రెండేళ్లు’ అనేది లేదు. తర్వాత ఉద్యోగం మీద ఇచ్చే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలంటే ఏడాదికి మామూలుగా 41,700 పౌండ్ల జీతం చూపించాలి, చదువు ముగించి కొత్తగా చేరేవాళ్లకైతే 33,400. చిన్న కంపెనీలో సోషల్ మీడియా చూసే మొదటి ఉద్యోగానికి అంత ఇవ్వడం నేనైతే చూడలేదు. ఇవి కాక, లండన్ బయటైనా 9 నెలల ఖర్చుకి 10,539 పౌండ్లు 28 రోజులు ఖాతాలో ఉంచి చూపించాలి. టర్మ్‌లో వారానికి 20 గంటలే పని. ఆ 20 గంటలూ నేను వేర్‌హౌస్‌లో డబ్బాలు ఎత్తాను, మీడియా పని దొరకలేదు.

చదువుకి మాత్రం వంక పెట్టను. ఒక వరద వీడియోని పట్టుకుని, ఎవరు మొదట పెట్టారు, అసలు ఏ దేశానిది, ఎన్ని చేతులు మారి మన వాట్సాప్‌లోకి వచ్చింది అని ఆరు వారాలు వెనక్కి తవ్వించారు. అంత నిదానంగా ఒక పని చేయనిచ్చే డెస్క్ నాకు ఇండియాలో తగల్లేదు.

సెంట్రల్_సీనియర్:
పక్కనే గచ్చిబౌలి ఉండగా ఎవరూ ఆ మాటే ఎత్తరేం! హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, కమ్యూనికేషన్‌లో రెండేళ్ల ఎంఏ ఉంది, క్యాంపస్‌లోనే బోల్ హైదరాబాద్ 90.4 రేడియో ఉంది. ఏడాది ఫీజు లండన్‌లో ఒక నెల గది అద్దెంత కూడా ఉండదు. కాకపోతే సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి, దానికి దరఖాస్తులు చలికాలంలోనే ముగుస్తాయి. ఉస్మానియా కావాలంటే తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్.

ఖమ్మం_డెస్క్:
సీయూఈటీ సంగతి నాకు ఏప్రిల్‌లో తెలిసింది, తిట్టకండి. అందరూ ఉద్యోగం గురించే చెప్తున్నారు గానీ నా బాధ వేరే. పేజీవ్యూస్ పడిపోయాయని ప్రతి సోమవారం మీటింగ్‌లో అరుస్తారు. ఎందుకు పడ్డాయి అని అడిగితే ‘ముందు హెడ్డింగ్ మసాలాగా పెట్టు’ అంటారు. నేర్పే మనిషి లేక చదువుకుందామనుకున్నా.

గోదారిగట్టు:
నేర్చుకోవడానికి ఇల్లెందుకమ్మా మధ్యలో? ఆ డేటా చూడటం రెండు నెలలు కూర్చుంటే వస్తుంది.

వత్తులు_విడిపోయినవాడు:
డేటా చూడటం వస్తుంది, ఏం అడగాలో తట్టదు. ఏజెన్సీ కాపీ తిప్పి రాయడం మా దగ్గర ఇప్పటికే సగం మెషీనే చేస్తోంది. ఆ పాతిక కాపీల మీదే ఇంకో మూడేళ్లు కూర్చుంటే మీకే నష్టం, కాబట్టి చదవండి. ఇల్లు పెట్టి మాత్రం వద్దు. నా ఓటు గచ్చిబౌలికి, ఒక ఏడాది ఆలస్యమైనా సరే.

లీడ్స్_లైబ్రరీ:
ఆ ఏడాదీ అదే డెస్క్‌లో ఉంటే పరీక్ష రాసే ఓపిక ఉంటుందా అనేది కూడా ఆలోచించండి. నేను అలాగే రెండేళ్లు వాయిదా వేశా.

ఖమ్మం_డెస్క్:
ఆఫర్‌ని వచ్చే ఏడాదికి మార్చమని యూనివర్సిటీకి మెయిల్ పెట్టా, డిపాజిట్ ఇంకా కట్టలేదు. కన్సల్టెన్సీ నుంచి పొద్దుట్నుంచీ నాలుగు మిస్డ్ కాల్స్, ఎత్తాలంటే టెన్షన్. డిసెంబరులో సీయూఈటీకి కడతా. అమ్మకి రాత్రి చెప్పాలి. వత్తుల అన్నా, ఆ ఫొటోషాప్ సెట్టింగ్ ఎక్కడుంటుంది?

వత్తులు_విడిపోయినవాడు:
పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అని ఉంటుంది, అందులో టెక్స్ట్ ఇంజిన్. మార్చాక కొత్త ఫైల్ తెరిచి ‘శ్రీశైలం’ కొట్టి చూడండి.