‘చేతికి బొక్క లేదు’: ఇది పొగడ్తా, తిట్టా?

హనుమకొండ నుంచి, మొదటి పోస్టు:

గుంపులో ఒక పంచాయితీ పెడుతున్నా. మా కాలనీ బోనాల చందా పుస్తకం పట్టుకొని ఇద్దరం తిరుగుతున్నాం. నాతో వచ్చినాయన భీమవరం మనిషి, బదిలీ మీద ఇక్కడికి వచ్చారు. “ముందు ఆ మూలింటికి పోదాం, ఆ సారు చేతికి బొక్క లేదు” అన్నా. ఆయన ఆగిపోయి, “మరి అక్కడికెందుకండీ, దండగ” అన్నారు. నేనన్నది ఎముక లేని చెయ్యి, అడిగినంత రాసే మనిషి అని. ఆయనకు వినపడ్డది చిల్లు లేని చెయ్యి, పైసా జారనివ్వని పిసినారి అని. వాక్యం ఒకటే, నాకు పొగడ్త, ఆయనకు తిట్టు.

అడిగేవి రెండు. ‘చేతికి ఎముక లేదు’ అనే నానుడిని బొక్క పెట్టి అనొచ్చా, లేక అది నా సొంత పైత్యమా? ఇంకోటి, దానగుణానికీ ఎముక లేకపోవడానికీ సంబంధం ఏమిటి? ఎముకలు తీసేస్తే ఆ చెయ్యి ఇచ్చేది పోయి వేలాడేది అవుతుంది కదా.

జగిత్యాల నుంచి:

అన్నా, పైత్యం ఏం కాదు. మన దిక్కు బొక్క అంటే ఎముకనే. కింద పడితే బొక్క ఇరుగుతది, బొక్కల డాక్టరు దగ్గరికి పోతం, బక్కపడ్డోణ్ని చూసి బొక్కలు తేలినయ్ అంటం. రంధ్రానికి మనకు వేరే మాటలున్నయ్, పొక్క, తూటు. ఎలుక చేసేది పొక్క. బకు, పకు తేడా తెలిసినోళ్లకు తికమకే లేదు. అదంతా ఖమ్మం దాటినంకనే మొదలైతది.

రాజమండ్రి నుంచి:

మా వైపు బొక్క అంటే కన్నమే, చొక్కాకి పడేది. కానీ ‘బొక్కలిరగ్గొడతా’ అని ఎవరైనా అంటే మాకూ ఎముకలే గుర్తొస్తాయండి, కన్నాన్ని ఎవరూ విరగ్గొట్టలేరు కదా. మామూలుగా సందర్భమే అర్థాన్ని తేల్చేస్తుంది. మీ వాక్యంతో వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, డబ్బు సందర్భం రెండు అర్థాలకీ అచ్చంగా సరిపోతుంది. లేనిది ఎముకైతే ఔదార్యం, కన్నమైతే లోభం. శ్లేష రాసే పాత కవులకు దొరికి ఉంటే వదిలేవారు కాదు.

వరంగల్ నుంచి, ఫిజియాలజీ చెప్పే సభ్యురాలు:

రెండో ప్రశ్న నా పనికి దగ్గరిది కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

మణికట్టుతో కలిపి ఒక చేతిలో 27 ఎముకలు. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. రెండు చేతులూ రెండు పాదాలూ కలిపితే 106. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేవి 206 కాబట్టి, సగానికి పైగా ఎముకలు అక్కడే ఉన్నాయన్నమాట. ఇన్ని ఎముకలున్న వేళ్లలో వాటిని ముడిచే కండ మాత్రం ఒక్కటీ లేదు. నమ్మకపోతే ఒక చేత్తో పిడికిలి బిగించి, రెండో చేత్తో ఆ ముంజేతిని పట్టుకొని చూడండి. గట్టిపడేది అక్కడ. ముంజేతి కండ బిగుసుకుంటే, కండను ఎముకకు కట్టే తాడులాంటి టెండాన్ వేలి ఎముకను లాగుతుంది, ఎముక కీలు దగ్గర తిరుగుతుంది, వేలు ముడుచుకుంటుంది. కండకు వచ్చిన పని లాగడం ఒక్కటే. ఆ లాగుడును పట్టుగా మార్చే మీట ఎముక. మీట లేకపోతే కండ ఎంత లాగినా వేలు దగ్గరికి కుంచించుకుపోతుందే తప్ప నోటు చుట్టూ మూసుకోదు. అందుకని మొదటి పోస్టులో అన్నది నిజమే, ఎముక లేని చెయ్యి వేలాడుతుంది. వేలాడే చేతిలో పైసా నిలవదు, నానుడికి కావలసిందీ అదే. అది ఇచ్చే చెయ్యి అనేకన్నా, పట్టి ఉంచుకోలేని చెయ్యి అంటే సరిగ్గా ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎముక లేకుండానే పట్టు పట్టే అవయవాలు లేకపోలేదు. ఏనుగు తొండంలో ఒక్క ఎముకా లేదు, అయినా దుంగను ఎత్తుతుంది. లోపల కండపోగులు పొడవునా, అడ్డంగా, ఏటవాలుగా అల్లుకొని ఉంటాయి. కండ ఎంత బిగిసినా దాని ఘనపరిమాణం మారదు, ఒకవైపు సన్నబడితే ఇంకోవైపు సాగాల్సిందే. ఎముక ఇవ్వాల్సిన ఆసరా ఆ బిగువే ఇస్తుంది. మన నాలుకదీ ఇదే పద్ధతి. కాబట్టి ఎముక లేనిదల్లా దానకర్ణుడు కాదు, తొండం పట్టిందంటే విడవదు.

నాలుక అన్నాను కాబట్టి ఇంకో మాట. ‘నరం లేని నాలుక’ అంటాం, నిజానికి నాలుక నిండా నాడులే. కాకపోతే మన వాడుకలో నరం అంటే నాడి, రక్తనాళం, టెండాన్ అన్నీ. మెడ పట్టేసినా నరమే, సూది వేసేదీ నరానికే. నాడి అనుకున్నా, రక్తనాళం అనుకున్నా నాలుకకు నరం లేదనడం కుదరదు. నానుళ్లను అనాటమీతో పరీక్ష పెడితే ఎముకది పాసైంది, నరానిది ఫెయిలైంది.

ఎముక లేని చెయ్యి ఎలా ఉంటుందో చూడాలని పిల్లలు అడిగితే, కోడి కాలు బొక్కను శుభ్రం చేసి సిర్కాలో, అంటే వెనిగర్‌లో, వేసి కొన్ని రోజులు ఉంచండి, మధ్యలో సిర్కా మారుస్తూ. ఆకారం చెక్కుచెదరదు కానీ మెత్తబడి వంగుతుంది. ఎముక బరువులో సుమారు మూడింట రెండొంతులు కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్, కొంత నీరు. సిర్కా ఖనిజాన్ని కరిగించి తీసుకుపోతుంది, కొల్లాజెన్ మిగులుతుంది. ఇంకో బొక్కను నిప్పుల్లో బాగా కాలిస్తే కథ తిరగబడుతుంది. కొల్లాజెన్ కాలిపోతుంది, ఖనిజం మిగులుతుంది, ఆకారం అలాగే ఉన్నా నొక్కితే పొడి అవుతుంది. వంగకుండా నిలబెట్టేది ఖనిజం, దెబ్బ తగిలితే పగలకుండా కాచేది కొల్లాజెన్. మాటల్లో మనం రెండింటినీ ‘గట్టి’ అనే అంటాం, ఎముక విషయంలో మాత్రం అవి రెండూ వేరు వేరు గుణాలు.

నర్సంపేట నుంచి, తెలుగు చెప్పే సభ్యుడు:

మేడం, వివరణ బాగుంది కానీ నానుడి పుట్టేటప్పుడు ఎవరూ కండలు లెక్కపెట్టలేదు. మన భాష ఇవ్వడం, ఇవ్వకపోవడం అనే గుణాల్ని చేతి కదలికల్లోనే చూసింది. ‘ఎంగిలి చేత్తో కాకిని తోలడు’ అన్నామంటే, చెయ్యి విదిలిస్తే నాలుగు మెతుకులు రాలతాయన్న భయం కలవాడని. అక్కడ కదలని చెయ్యి, ఇక్కడ అడ్డు లేకుండా ఎటుబడితే అటు వంగే చెయ్యి. ఈ రెండు నానుళ్లనూ పక్కపక్కన పెడితే అర్థం తేలిపోతుంది, సిర్కా దాకా పోనక్కర్లేదు.

మొదటి ప్రశ్నకు నా జవాబు: మాట్లాడేటప్పుడు బొక్క అనండి, రాసేటప్పుడు ఎముక అని రాయండి. రాత అన్ని జిల్లాలకూ పోయేది.

వరంగల్ నుంచి, అదే సభ్యురాలు:

సార్, మొదటి భాగం ఒప్పుకుంటా. రెండోది ఒప్పుకోను. మా దగ్గరికి వచ్చే పిల్లలు, పేషెంట్లు బొక్క అనే చెప్తారు. వాళ్ల మాటను నోటికే కట్టేసి రాతకు ఇంకోటి పెట్టుకుంటే, రేపు డాక్టరు రాసిచ్చిన కాగితం చదివేటప్పుడు కూడా వాళ్లు బయటివాళ్లుగానే మిగులుతారు. భీమవరం ఆయనకు ఒక్కసారి చెబితే తెలిసిపోయింది కదా, రాతలోనూ అంతే.

మంచిర్యాల నుంచి:

నాదొక అనుమానం. ఎముక బొక్క, కన్నం బొక్క మొదట్లో ఒకటే మాటేమో? మటన్‌లో నల్లిబొక్క తీసుకొని మూలుగ జుర్రుకున్నాక చూస్తే మిగిలేది గొట్టమే కదా.

వరంగల్ నుంచి, అదే సభ్యురాలు:

భాష సంగతి ముందు చెప్తా. రెండూ ఒకటే అనడానికి బోలుతనం ఒక్కటే సాక్ష్యంగా చాలదు. అట్లయితే బొక్కెన, బొక్కసం, చివరికి బొక్కబోర్లా పడటం కూడా ఒక తాటికి కట్టేయొచ్చు. వినడానికి బాగుంటుంది, అంతవరకే.

శరీరం సంగతికి వస్తే బోలుతనం ఊరికే రాలేదు. 2 సెంటీమీటర్ల మందం ఉన్న నిండు కడ్డీ ఒకటి ఉందనుకోండి. అదే పదార్థంతో, అదే పొడవున, బయట 2.5, లోపల 1.5 సెంటీమీటర్ల గొట్టం చేయొచ్చు. బరువులో తేడా రాదు. కానీ గొట్టం వంపును రెండింతలకు పైగా అడ్డుకుంటుంది, విరగ్గొట్టడానికి సుమారు 1.7 రెట్లు బలం కావాలి. కడ్డీ వంగుతున్నప్పుడు ఒక పక్క సాగుతుంది, ఎదుటి పక్క నొక్కుకుంటుంది, నట్టనడుమ దాదాపు ఏ భారమూ పడదు. పని లేని చోటి సరుకును తీసి అంచుకు చేరిస్తే లాభం. బోలు ఎముకల బలం గురించి గెలీలియో 1638లోనే రాశాడు. తొడ ఎముక నడిమి భాగం ఇట్లాంటి గొట్టమే, ఖాళీ చోటును మూలుగ వాడుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ లోపలి గోడ అరిగి గొట్టం పలచబడుతుంది. అదే సమయంలో బయట కొంచెం కొంచెంగా పేరుకొని వెడల్పవుతుంది కాబట్టి నష్టం కొంత సర్దుకుంటుంది, పూర్తిగా కాదు.

ఎముక చివర్లలో, తుంటి, మోకాలు దగ్గర, గొట్టం ఉండదు. అక్కడ స్పాంజిలాంటి ఎముక. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి వాడిన, నీళ్లలో తేలే ఇటుకలు చూసినవాళ్లకు దీన్ని ఊహించడం తేలిక. లోపల గుల్ల కాబట్టి తేలిక, అయినా శిఖరమై నిలబడింది. తేడా ఎక్కడంటే, ఇటుకలో గుల్లలు ఎటు పడితే అటు ఉంటాయి. ఎముకలో సన్నటి పలకలు, కమ్మీలు బరువు ప్రయాణించే దారి వెంట వరుసలు కడతాయి. 1860లలో జ్యూరిచ్‌లో హెర్మన్ మేయర్ అనే అనాటమిస్టు కోసి చూపించిన తొడ ఎముక తలను చూసి, కార్ల్ కుల్మన్ అనే ఇంజినీరు అందులో తన క్రేన్ లెక్కల గీతలను గుర్తుపట్టాడు. బరువు మారితే లోపలి అమరికా మారుతుందని జర్మనీ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లో సిద్ధాంతం చేశాడు. ఆయన అనుకున్నంత కచ్చితమైన గణితం కాదుగానీ అసలు మాట నిలబడింది. అంతరిక్షంలో బరువు మోయని వ్యోమగాముల తుంటి ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం వరకు తగ్గుతుంది.

ఈ మార్పు ఎవరు చేస్తారన్నదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. గట్టి ఎముక లోపల కూడా కంటికి కనిపించని గూళ్లున్నాయి. ఒక్కో గూటిలో ఒక్కో కణం, ఆస్టియోసైట్. గూటికీ గూటికీ నడుమ వెంట్రుక కన్నా ఎంతో సన్నని కాలువలు, వాటిలో ద్రవం. మనం అడుగు వేసినప్పుడల్లా ఎముక రవ్వంత వంగుతుంది, కాలువల్లో ద్రవం కదులుతుంది, కణానికి కబురు అందుతుంది. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ పోయాలో ఆ కబుర్లే తేలుస్తాయి. తవ్వే కణాలు వేరు, పోసే కణాలు వేరు. పెద్దవాళ్లలో ఏటా సుమారు పదోవంతు ఎముక ఇట్లా కొత్తదవుతుంది. బొక్కకు బుద్ధి ఉందంటే అది దానిలోని బొక్కల్లోనే ఉంది. రాజమండ్రి సార్ గారు ఈ వాక్యాన్ని ఎట్లా చదివినా నాకు అభ్యంతరం లేదు.

కరీంనగర్ నుంచి:

మేడం, మా అమ్మకు మోకాళ్లలో గుజ్జు అరిగిందన్నారు. బోన్ సూప్ తాగితే గుజ్జు వస్తదంటున్నరు, నిజమేనా?

గుంపు నిర్వాహకుడు:

వైద్యం సలహాలు ఇక్కడ వద్దు, అమ్మను డాక్టరుకు చూపించండి. మాట వరకైతే చర్చించుకోవచ్చు.

వరంగల్ నుంచి, అదే సభ్యురాలు:

మాట వరకే చెప్తా. గుజ్జు అన్నది పుస్తకాల్లో మృదులాస్థి. గుజ్జు అనేసరికి మెత్తగా, పోస్తే మళ్లీ నిండేదిలా అనిపిస్తుంది, సూపు ఆశ అక్కడి నుంచే పుట్టింది. నిజానికి అది ఎముక చివరను అంటుకొని ఉండే నున్నటి గట్టి పొర. దానికి రక్తనాళాలు లేవు. అందుకే విరిగిన బొక్క కూడినట్టు అరిగిన గుజ్జు తిరిగి రాదు. తాగిన సూపు కడుపులో అరుగుతుంది, మోకాలు దాకా గుజ్జుగా పోదు.

రాజమండ్రి నుంచి:

మంచిర్యాల వారు నల్లిబొక్క అన్నారు. మొదటిసారి హైదరాబాద్‌లో మెనూలో ఆ మాట చూసి నేను మంచంలో నల్లి అనుకొని ప్లేటు మార్చుకున్నానండి.

హనుమకొండ నుంచి, మొదటి పోస్టు రాసినది:

మంచం నల్లి కాదు సార్. ఉర్దూ, హిందీలో నలీ అంటే గొట్టం, ముంగాలి ఎముకకు కూడా అదే మాట. మనం నీళ్లు పట్టుకునే నల్లా కూడా అదే కుదురు నుంచి వచ్చింది, నల్ అంటే గొట్టం. అంటే మంచిర్యాల తమ్ముడు బొక్కలో వెతికిన బోలుతనం పక్కనే ఉన్న నల్లిలో దొరికింది. నల్లిబొక్క అంటే గొట్టం ఎముక.

మూలుగ మాట ఇంకా విచిత్రం. కన్నడంలో మూళె అంటే ఎముక, తమిళంలో మూళై అంటే మెదడు, మూలుగ అనే అర్థమూ ఉంది. మనం ఎముక లోపలి సరుకుకు ఉంచుకున్న మాటను కన్నడం వాళ్లు ఎముకకే పెట్టుకున్నారు, తమిళం వాళ్లు పుర్రె దాకా తీసుకుపోయారు. ఆదిలాబాద్ వైపు ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్లు గుంపులో ఉన్నారు కదా, మీరు నల్లిబొక్కను, మూలుగను ఏమంటారో రాయండి.