మిగిలిన బీఫ్ స్ట్యూ: వేడిచేసి తినాలా, వేరే వంట చేయాలా?

డబ్లిన్_వంటిల్లు:
ఆదివారం బీఫ్, క్యారెట్, బంగాళాదుంపలతో పెద్ద గిన్నె నిండా స్ట్యూ వండాను. సగం ఫ్రిజ్‌లోనే ఉంది. పిల్లలు రెండో రోజే వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

ఎసరు:
ముందు బంగాళాదుంపలు తీసేయండి. మళ్లీ కాగితే చితికి గంజి అవుతాయి. ముక్కలు చిదిపి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ధనియాల పొడితో వేపుడు చేయండి, పరాటాలోకి బాగుంటుంది. చారు వడకట్టి, నీళ్లు కలిపి పులావుకు ఎసరు పెట్టండి. ఉప్పు మాత్రం రుచి చూశాకే వేయండి.

పాత_పొయ్యి:
బంగాళాదుంప ఎందుకు తీయాలి? చారుకు చిక్కదనం దానివల్లే. అందులోనే మెదపండి. అసలు మార్చడమెందుకు? కండలోని జిగురు చారులోకి దిగి, చల్లారాక గడ్డకడుతుంది. మర్నాడు వేడిచేస్తే ఆ చారే అన్నానికి పట్టుకుంటుంది.

ఒక్క_ముక్క:
స్ట్యూ మీద మెదిపిన బంగాళాదుంప పరిచి ఓవెన్‌లో పెట్టండి. ఇంగ్లిష్‌లో దాన్ని ‘కాటేజ్ పై’ (pie) అంటారు. గొర్రె మాంసంతో చేస్తే ‘షెపర్డ్స్ పై’ అంటారు.

చల్లపెట్టె:
ఏం చేసినా 3, 4 రోజుల్లో అయిపోవాలి. గిన్నె మొత్తం మళ్లీ మళ్లీ కాచకండి, కావలసినంత తీసి లోపల 74 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా వేడిచేయండి. ఇకపై వండిన 2 గంటల్లోపే చిన్న డబ్బాల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద గిన్నె నడుమ త్వరగా చల్లారదు.

పాత_పొయ్యి:
మా ఇంట్లో రాత్రంతా పొయ్యి మీదే ఉండేది. పొద్దున మరగబెట్టి తినేవాళ్లం.

చల్లపెట్టె:
కొన్ని బ్యాక్టీరియా వదిలిన విషం మరగబెట్టినా పోదు. మీకేమీ కాలేదంటే అది అదృష్టం, పద్ధతి కాదు.

ఎసరు:
పాత_పొయ్యి గారూ, బంగాళాదుంప గంజి అవుతుందన్నదానికి జవాబు చెప్పలేదు మీరు. మార్చకూడదని ఎవరైనా ఎందుకంటారో నాకు తెలుసు. మా అత్తగారింట్లో పొద్దున వండింది మగవాళ్లకి, నిన్నటిది కోడళ్లకి. ఎనిమిదేళ్లు తిన్నాను. నిన్నటి కూరను కొత్త వంట చేస్తేనే అది అందరి కంచాల్లోకీ వెళ్లింది.

పాత_పొయ్యి:
నన్ను మీ అత్తగారింటి మనిషిని చేయకండి! మా ఊళ్లో పెద్దకూర అంటే అరకిలో, తినేవాళ్లం ఎనిమిది మందిమి. అమ్మ సొరకాయ, దోసకాయ వేసి పెంచేది. పండగకి మిగిలితే ఆ రెండో రోజు కోసం కాచుకుని ఉండేవాళ్లం. మిగిలిన కూరను తక్కువచేసి మాట్లాడితే నాకు అమ్మ గిన్నెను కాలితో తన్నినట్టుంటుంది.

ఎసరు:
నేను తక్కువచేసింది కూరను కాదండీ, పంచిన తీరును. ఆ రెండో రోజు మీ అమ్మగారి కంచంలో ముక్క చూశారా?

పాత_పొయ్యి:
లేదు. గిన్నె అడుగున చారులో అన్నం కలుపుకునేది. మాకది ఇష్టమనే అనుకున్నాం.

అయినా బంగాళాదుంప తీయమంటే ఒప్పుకోను.

డబ్లిన్_వంటిల్లు:
దుంపలు మెదిపి చారులోనే కలిపేశాను, నీళ్లు పోసి పులావు పెట్టాను. కొంచెం ముద్దయింది. పిల్లలు తిన్నారు. ఇంకో డబ్బా ఉంది, రేపు ముక్కలు వేపుతాను.