సీటు వచ్చింది కానీ చోటు దొరకడం లేదు: సంగీతం, సైన్సు చదువుల గురించి ఒక సందేహం

ప్రశ్న (ఉప్పల్ నుంచి):
మా అమ్మాయి హైదరాబాద్‌లో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతూ, సాయంత్రాలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. సంగీత తరగతిలో ‘మీ ఇంట్లో ఎవరు పాడతారు?’ అని అడిగితే, తాతగారు డప్పు వాయించేవారని చెప్పిందట. ఒక్కసారిగా అందరూ మౌనం వహించారట. అప్పటి నుంచి వెనక వరుసలోనే కూర్చుంటోంది. ల్యాబులోనూ, ఇంగ్లీషు తడుముకుంటుందని, రీడింగులు రాసే పనే ఆమెకు మిగులుస్తున్నారు. దీన్ని బిడియం అనుకోవాలా, సంస్థల తీరు అనుకోవాలా?

సమాధానం 1:
బిడియం కాదండీ. 1933లో, తర్వాత జీవరసాయన శాస్త్రవేత్తగా పేరొందిన కమలా సొహోనీ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు దరఖాస్తు చేస్తే, అప్పటి డైరెక్టరు సి.వి. రామన్ ఆడపిల్ల అన్న కారణంతో మొదట నిరాకరించి, ఆమె పట్టుబట్టాక షరతుల మీద చేర్చుకున్నారు. ఆమె 1939లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ల్యాబు జట్లలో పనులు వారం వారం మార్చమని అధ్యాపకులను రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే సాగదు.

సమాధానం 2:
సంగీతంలోనూ అంతే. ప్రకాశం జిల్లా కరవది నుంచి వచ్చిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానాకు మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు 1998లో, డెబ్భై దాటాక గానీ రాలేదు. (ఆలస్యం అనిపించడం నా ఒక్కడికేనా?) డప్పు దరువులు వింటూ పెరిగిన పిల్లకు నడకల (తాళంలో లయ విభజనల) మార్పు ముందే చెవికెక్కి ఉంటుంది, తరగతిలో దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం బోధనలో లోపం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. శుక్రవారం స్పెక్ట్రోమీటరును తనే సరిచేసిందట. సంగీతం మాస్టారితో ఇంకా మాట్లాడలేదు.