బిగినర్స్ ఎక్సర్‌సైజ్‌లన్నీ ఒకే ఫార్మాట్‌లో ఉంచడం ఎలా? (సీ, పైథాన్)

ల్యాబ్_అక్క:

అందరికీ నమస్తే. ఇంటర్ అయిపోయి ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లలకి నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి సీ, పైథాన్ బేసిక్స్ చెప్తున్నాం, ఎక్సర్‌సైజ్‌లన్నీ గిట్‌లో (ఫైళ్ళలో మార్పులన్నీ గుర్తుపెట్టుకునే టూల్) ఒకే రెపోలో, అంటే ఒకే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో, పెట్టి ఇస్తాం. సమస్య ఏంటంటే ముగ్గురం మూడు రకాలుగా రాస్తాం, ఒకరు ఫంక్షన్ పేరు పక్కనే బ్రాకెట్ తెరుస్తారు, ఒకరు కింద లైన్లో తెరుస్తారు, లైన్ లోపలికి జరపడానికి నాకు నాలుగు స్పేస్‌లు అలవాటు, ఇంకొకరు ట్యాబ్ కొట్టుకుంటూ పోతారు. మొన్న ఒకబ్బాయి ప్రైమ్ నంబర్ ప్రోగ్రామ్ చేస్తూ మధ్యలో ఆగిపోయి "అక్కా, బ్రాకెట్ కిందికి దించితే ఆన్సర్ మారిపోతుందా?" అని అడిగాడు. అడగడంలో తప్పేం లేదు, సెమికోలన్ ఒకటి తీసేస్తే ఎర్రర్ వస్తుందని మనమే చెప్పాం కదా, మరి బ్రాకెట్ జరిపితే ఏం కాదని వాడికెలా తెలుస్తుంది. ఏది రూలో ఏది మా అలవాటో పిల్లలకి తెలియట్లేదు, నాకు అదే బాధగా ఉంది.

ఉన్న ఫైళ్ళన్నీ ఒక పద్ధతికి తేవాలంటే ఏం వాడాలి? ఇంకోటి, పిల్లల ఎడిటర్‌లో కూడా మొదటి రోజు నుంచే ఫార్మాటర్ (కోడ్‌ని తనే సర్దే టూల్) ఆన్ చేయించొచ్చా, లేక చేత్తో ఇండెంట్ చేయడం, అంటే లైన్లు లోపలికి జరపడం, వచ్చేదాకా ఆగాలా? మా ముగ్గురికీ దీని మీద కుదరట్లేదు.

పాతసీ_కొత్తపైథాన్:

ముందు ఏ స్టైల్ గొప్పది అన్న చర్చ ఆపేయండి మేడమ్, అది తేలేది కాదు. పైథాన్‌కి పెప్ 8 అని 2001 నుంచీ ఒక పద్ధతి ఉంది, నాలుగు స్పేస్‌లు, అంతే. టూల్ కావాలంటే బ్లాక్ అనే ఫార్మాటర్ పెట్టుకోండి, అందులో మార్చుకోవడానికి సెట్టింగ్‌లే పెద్దగా ఉండవు, మీ ముగ్గురికీ కావాల్సింది అదే. లైన్ 88 అక్షరాలు దాటితే తనే విడగొట్టుకుంటుంది.

సీకి క్లాంగ్ ఫార్మాట్ అనే ఫార్మాటర్. కానీ దాని డీఫాల్ట్ అలాగే వదిలేయకండి, ఎందుకంటే అది రెండు స్పేస్‌లే ఇస్తుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి లూప్‌లో లూప్ ఉన్నప్పుడు ఎవరు ఎవరి లోపల ఉన్నారో కనిపించదు, 4 చేయండి. ఇంకో ముఖ్యమైనది, చిన్న ఫంక్షన్ కనబడితే మొత్తం ఒకే లైన్లోకి లాగేస్తుంది. రెండు నంబర్లు కూడే ఫంక్షన్ మీరు మూడు లైన్లలో రాసి ఇస్తే బ్రాకెట్‌లతో సహా ఒక లైన్ అయిపోతుంది, పిల్లలు మొదట చూసే ఫంక్షన్ అదే అయితే బాడీ ఎక్కడ మొదలైందో కూడా అర్థం కాదు. చిన్న ఫంక్షన్లని కుదించే ఆప్షన్ ఆఫ్ చేసి ఆ సెట్టింగ్ ఫైల్ రెపోలోనే పెట్టండి, అప్పుడు ఎవరి మెషీన్‌లో నడిపినా ఒకటే వస్తుంది.

ఫార్మాటింగ్ అంతా ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒకేసారి సేవ్ చేసే మార్పుల కట్ట) చేయండి, అందులో వేరే మార్పు ఒక్కటి కూడా కలపొద్దు. అది కూడా ఒక బ్యాచ్ అయిపోయాక ఇంకో బ్యాచ్ మొదలయ్యే ముందు. మధ్యలో చేస్తే పిల్లలు సగం రాసుకున్న ఫైళ్ళన్నిట్లో మీ మార్పులకీ వాళ్ళ మార్పులకీ కుదరక కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తాయి, గిట్ అప్పుడే చూస్తున్నవాళ్ళు అక్కడే భయపడిపోతారు.

గేట్_రిపీటర్:

రెండో డౌట్‌కి నా మాట, సీలో కొన్నాళ్ళు చేత్తోనే చేయించండక్కా. కనీసం ఇఫ్ ఎల్స్, లూప్‌లు అయ్యేదాకా. ఇండెంట్ చేసేటప్పుడే "ఈ లైన్ దేని లోపలిది" అని బుర్ర పని చేస్తుంది, అది మెషీన్‌కి అప్పగిస్తే ఆ ఆలోచనే రాదు. బదులుగా జీసీసీ అనే సీ కంపైలర్‌లో వార్నింగ్‌లన్నీ ఆన్ చేయించండి. ఇఫ్ కింద బ్రాకెట్ లేకుండా రెండు లైన్లు లోపలికి జరిపి రాస్తే రెండోది ఇఫ్‌కి చెందదు కదా, జీసీసీ 6 నుంచి, అంటే 2016 నుంచి, ఇండెంటేషన్ చూసి మోసపోవద్దని వార్నింగ్ ఇస్తుంది. 2014లో ఆపిల్‌లో బయటపడ్డ గోటూ ఫెయిల్ బగ్ ఇదే, ఒకే లైన్ రెండుసార్లు పడింది, రెండోది ఇఫ్ లోపల ఉన్నట్టే కనిపించింది గానీ అది ఎప్పుడూ రన్ అయ్యేది, దాంతో ఐఫోన్‌లో సెక్యూరిటీ చెకింగే ఎగిరిపోయింది. ఇది పిల్లలకి చెప్పండి, బ్రాకెట్ ఎందుకు పెట్టాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఇంకా కాలేజీలో టర్బో సీ అనే పాత కంపైలర్ వాడేవాళ్ళకి ఈ వార్నింగ్ రాదు, ఇంట్లో అయినా జీసీసీ పెట్టించండి.

ల్యాబ్_అక్క:

థాంక్స్ ఇద్దరికీ, చాలా క్లియర్‌గా ఉంది. బ్లాక్ నడిపి చూశా, పూర్తి సొల్యూషన్లు చక్కగా మారాయి గానీ పిల్లలకిచ్చే ఖాళీ ఫైళ్ళ దగ్గర పార్స్ చేయలేను, అంటే కోడ్‌ని చదవలేను, అని ఆగిపోతోంది. ఫంక్షన్ హెడ్డింగ్ ఇచ్చి కింద "ఇక్కడ మీ కోడ్ రాయండి" అని కామెంట్ మాత్రమే పెట్టాం వాటిల్లో.

పాతసీ_కొత్తపైథాన్:

కామెంట్ ఒక్కటే ఉంటే పైథాన్ దృష్టిలో ఫంక్షన్‌కి బాడీయే లేదు మేడమ్, బ్లాక్ కాదు పైథానే దాన్ని ఒప్పుకోదు. కామెంట్ కింద ఏమీ చేయని ఒక పాస్ స్టేట్‌మెంట్ పెట్టండి చాలు. దీనివల్ల ఇంకో లాభం, పిల్లాడు ఫైల్ తెరిచి ఏమీ రాయకుండా రన్ కొట్టినా ఎర్రర్ రాదు. మొదటి రోజు మొదటి రన్‌కే ఎర్రర్ కనిపించకూడదు, నా మట్టుకు అది చాలా ముఖ్యం.

అలాగే కోడ్‌ని పీడీఎఫ్‌లోనో వర్డ్‌లోనో పంచకండి. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే చాలాసార్లు ముందు స్పేస్‌లు పోతాయి, వర్డ్‌లో టైప్ చేస్తే కోట్స్ వంకర కోట్స్ అయిపోతాయి, మీరెంత ఫార్మాట్ చేసినా పిల్లల దగ్గరికి చేరేసరికి పాడైపోతుంది.

సెకండియర్_సీఎస్ఈ:

చేత్తోనే చేయించాలి అని చెప్పిన గేట్ రిపీటర్ అన్నతో నేను సగమే ఒప్పుకుంటా. నేను పోయినేడాదే నేర్చుకున్నా కాబట్టి చెప్తున్నా, టైప్ చేస్తున్నప్పుడు తనే సర్దేస్తే నిజంగా ఏం నేర్చుకోం, కానీ రాయడం అయ్యాక ఒకసారి నొక్కి చూసుకోవడం మాత్రం చాలా హెల్ప్ అయింది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో దానికి షిఫ్ట్ ఆల్ట్ ఎఫ్ నొక్కాలి. ఎక్కడో ఒక బ్రాకెట్ మూయకపోతే దాని కింద ఉన్న కోడంతా కుడివైపుకి జరిగిపోతుంది, కంపైలర్ ఏమో ఫైల్ చివర్లో ఎర్రర్ చూపిస్తుంది, అసలు తప్పేమో ఇరవై లైన్లు పైన ఉంటుంది, ఎక్కడి నుంచి జరిగిందో చూస్తే అదే చోటు దొరుకుతుంది. అందుకే అక్కా, సేవ్ చేయగానే ఫార్మాట్ అయ్యే ఆప్షన్ ఆఫ్‌లో ఉంచండి, షార్ట్‌కట్ మాత్రం మొదటి వారమే నేర్పండి.

ల్యాబ్_అక్క:

ఇది బాగుంది తమ్ముడూ, మా ముగ్గురికీ కుదిరేది ఇదే. ఆదివారం కూర్చుని రెపో మొత్తం ఒకే కమిట్‌లో మారుస్తాం, కొత్త బ్యాచ్ సోమవారం. సెట్టింగ్ ఫైల్ ఎవరికైనా కావాలంటే ఇక్కడే పెడతా.