రొయ్యల చెరువు నీటిని ఆల్చిప్పలతో శుభ్రం చేయవచ్చా?

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు. రొయ్యల పట్టుబడి అయ్యాక వనామి (ఒక రకం రొయ్య) చెరువు నీళ్లు నేరుగా కాలువలోకి వదలడానికి మనసొప్పడం లేదండి. అడుగున నల్లటి బురద, కుళ్లిన కోడిగుడ్ల వాసన. దిగువన చేపలు పట్టుకుని బతికేవాళ్లున్నారు. అందుకే పక్కనే గుంట తవ్వి, నీళ్లు నిలిపి, అందులో ఆల్చిప్పలతో శుభ్రం చేసి వదలాలనుకుంటున్నాను.

మిగిలిన మేత నుంచి వచ్చే అమ్మోనియాను బాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. దాన్ని నాచు పీల్చుకుంటుంది. ఆ నాచును ఆల్చిప్పలు మొప్పలతో వడగట్టి తింటాయి. బాగా ఎదిగినది ఒక్కటే, అన్నీ అనుకూలిస్తే, రోజుకు 190 లీటర్ల దాకా వడగడుతుందంటారు!

మా నీటి సెలినిటీ (ఉప్పదనం) 15 పీపీటీ, అంటే లీటరుకు సుమారు 15 గ్రాముల ఉప్పు. గుంటలో జమ్ము బతకడం కష్టం, నీటిని శుభ్రం చేయడానికి మడ మొక్కలు నాటమంటారా? బురదకు ఆల్చిప్పలు చచ్చిపోతాయేమోనని టెన్షన్. ముందు వేరే గుంటలో నీళ్లు తేరుకోనివ్వాలా, ఎన్ని రోజులు? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.