మొదటిసారి స్కీయింగ్‌కి కొలరాడో వెళ్తున్నాం, బట్టలు ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు?

ఫ్రిస్కో గోదారోడు:
అందరికీ నమస్తే అండి. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కి మూడు ఫ్యామిలీలు కలిసి డాలస్ నుంచి బ్రెకెన్‌రిడ్జ్ వెళ్తున్నాం. మా ఆవిడా నేనూ స్కీ లెసన్ బుక్ చేసుకున్నాం, మా బామ్మర్ది మాత్రం స్నోబోర్డే చేస్తానని పట్టుబట్టాడు, పాపకి ఏడేళ్లు, దాన్ని కిడ్స్ క్లాసులో వేస్తాం. స్కీలు, బూట్లు, హెల్మెట్ అక్కడే రెంట్‌కి దొరుకుతాయి కాబట్టి వాటి గొడవ లేదు, బట్టల సంగతే బుర్రకెక్కట్లేదు. షాపుకెళ్తే ఒక జాకెట్ మీద 10కె/10కె, ఇంకోదాని మీద 20కె/20కె అని నంబర్లు, రేటేమో 150 డాలర్ల నుంచి 700 దాకా ఉంది, రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. దానికి తోడు వాటర్‌ప్రూఫ్ కోటింగ్‌లో పీఫాస్ అని ఏదో కెమికల్ ఉంటుందంట, పాపకి అలాంటివి వద్దని మా ఆవిడ అంటోంది. ఇంట్లో ఇండియా నుంచి తెచ్చుకున్న కాటన్ థర్మల్స్ ఉన్నాయి, మంకీ క్యాపులు ఉన్నాయి, డాలస్ చలికి వేసుకునే పఫర్ జాకెట్లున్నాయి. వీటితో నెట్టుకురావచ్చా? ఏడాదికోసారి వెళ్తామో లేదో తెలీని దానికి వేలు తగలేయడం ఇష్టం లేదు.

బోర్డు బాబాయ్ (డెన్వర్):
తమ్ముడూ, ముందు ఆ కాటన్ థర్మల్స్ సూట్‌కేసులోంచి తీసెయ్. అందరూ జాకెట్ గురించే అడుగుతారు గానీ అసలు కథంతా ఒంటికి ఆనుకుని ఉండే పొర దగ్గరే ఉంటుంది. నేర్చుకునేవాళ్లు పడతారు, లేస్తారు, మళ్లీ పడతారు, స్కీలు భుజాన మోసుకుని నడుస్తారు, అరగంటకే ఒళ్లంతా చెమట, ఆ చెమటతోనే వెళ్లి చెయిర్‌లిఫ్ట్ మీద కదలకుండా కూర్చుంటారు, పైన గాలి ఈడ్చి కొడుతుంది, కాటన్ ఏమో ఆ తడిని పట్టుకుని వదలదు. మైనస్ పదిలో తడి బనీనుతో కూర్చోడం ఎలా ఉంటుందో ఊహించుకో. మెరినో ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ తీసుకో. మెరినో అయితే 150 నుంచి 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాముల బరువో ఆ లెక్క) మందం చాలు, తడిసినా కాస్త వెచ్చగానే ఉంటుంది, మూడు రోజులు వరసగా వేసినా కంపు కొట్టదు. పాలియెస్టర్ చవక, త్వరగా ఆరుతుంది, కానీ రెండో రోజుకే కారులో మిగతావాళ్లు అద్దాలు దించుతారు.

దాని మీద ఒక పల్చటి ఫ్లీస్, అదే మెత్తగా నూగులా ఉండే సింథటిక్ స్వెటర్. బాగా చలిగా ఉన్న రోజున మీ డాలస్ పఫర్ ఆ ఫ్లీస్ బదులు లోపల వేసుకోవచ్చు, పై జాకెట్ అంత వదులుగా ఉంటే. పఫర్ ఒక్కటే పైన వేసుకుని దిగొద్దు. అందులో ఈకలుంటే తడిసి ఉండలు కట్టి వెచ్చదనం పోతుంది, సింథటిక్ దూదైతే కొంచెం నయం గానీ మంచులో పడితే అదీ నానుతుంది.

పై జాకెట్‌కి చంకల కింద జిప్పులు ఉన్నాయా లేదా చూడు, నన్నడిగితే ఆ నంబర్ల కన్నా అవే ముఖ్యం. వేడెక్కగానే తీస్తావ్, లిఫ్ట్ ఎక్కేముందు మూస్తావ్. నడుము దగ్గర లోపల ఎలాస్టిక్ పట్టీ ఉంటే పడ్డప్పుడు మంచు వీపులోకి దూరదు.

ఇంకోటి, జాకెట్ కంటే ప్యాంటు మీద ఎక్కువ ఖర్చు పెట్టు. జీన్స్ మీద వచ్చేవాళ్లని ప్రతి సీజన్లో చూస్తూనే ఉంటాం, మధ్యాహ్నానికి గట్టిపడిపోయిన జీన్స్‌తో లాడ్జిలో మంట దగ్గర నిలబడి ఉంటారు పాపం. మీ బామ్మర్దికి ఇది మరీ ముఖ్యం, స్నోబోర్డర్ సగం రోజు కూర్చునో మోకాళ్ల మీదో ఉంటాడు, బైండింగ్ (బూటుని బోర్డుకి కట్టే పట్టీలు) బిగించాలన్నా కూర్చోడమే, పడ్డా కూర్చోడమే. సీటు దగ్గరా మోకాళ్ల దగ్గరా డబుల్ గుడ్డ వేసిన వదులు ప్యాంటు కావాలి, ఛాతీ దాకా వచ్చే బిబ్ రకమైతే ఇంకా మంచిది. చేతులకి రిస్ట్ గార్డులు కూడా పెట్టుకోమను, కొత్తగా బోర్డు నేర్చుకునేవాళ్లు పడేటప్పుడు చేతులు నేలకి ఆనిస్తారు, మణికట్లు అక్కడే విరుగుతాయి.

ఫ్రిస్కో గోదారోడు:
థాంక్స్ బాబాయ్. మరి ఆ 10కె, 20కె ఏంటి? ఎంత ఉంటే సరిపోతుంది?

బోర్డు బాబాయ్ (డెన్వర్):
మొదటి నంబరు నీళ్లు ఆపే శక్తి. 10కె అంటే గుడ్డ మీద 10,000 మిల్లీమీటర్లు, అంటే పది మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెట్టినా కారదు అని. రెండోది 24 గంటల్లో ఒక చదరపు మీటరు గుడ్డలోంచి ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందో ఆ లెక్క. ఈ రెండోదాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో టెస్ట్ చేస్తుంది, అందుకని ఈ బ్రాండుదీ ఆ బ్రాండుదీ పక్కపక్కన పెట్టి పోల్చకు. కొలరాడోలో మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది, జాకెట్ 10కె చాలు. ప్యాంటు మాత్రం 15కె ఉంటే మంచిది, కూర్చున్నప్పుడు ఒంటి బరువు పడి తడి లోపలికి నొక్కుకుపోతుంది.

సియాటిల్ చినుకు:
బాబాయ్ చెప్పింది కొలరాడోకి కరెక్టే గానీ ఇది చదివి అందరూ 10కె కొనేయకండి. మా వైపు స్నోక్వాల్మీ, స్టీవెన్స్ పాస్ దగ్గర పడేది సగం వాన సగం మంచు, కాస్కేడ్ కాంక్రీట్ అని పేరే పెట్టారు దానికి, 10కె జాకెట్ మధ్యాహ్నం దాకా కూడా ఆగదు. ఇక్కడికి 20కె, కుట్లన్నిటికీ లోపల టేప్ వేసినది కావాలి. లేబుల్ మీద కొన్ని కుట్లకే టేప్ అని ఉందా, అన్నిటికీ అని ఉందా చూడండి, రేటులో తేడా చాలావరకు అక్కడే వస్తుంది. లేక్ టాహో మంచు కూడా బరువే.

పీఫాస్ గురించి ఎవరైనా తెలిసినవాళ్లు చెప్తే బాగుండు, నాకూ డౌటే.

కుట్టుమిషన్:
నేను టెక్స్‌టైల్ ఫీల్డే కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది ఓపిక పట్టండి.

వాటర్‌ప్రూఫ్ జాకెట్‌లో రెండు వేర్వేరు పనులుంటాయి. లోపల ఒక పల్చటి పొర, మెంబ్రేన్ అంటారు, నీళ్లని ఆపి ఆవిరిని వదిలేది అదే. బయటి గుడ్డ మీద ఇంకో పూత, నీటి చుక్కలు ముత్యాల్లా జారిపోయేది దానివల్ల, దాన్ని డీడబ్ల్యూఆర్ అంటారు. ఏళ్ల తరబడి ఈ రెండిట్లోనూ ఫ్లోరిన్ రసాయనాలు బాగా వాడారు. గోర్‌టెక్స్ మెంబ్రేన్ పుట్టిందే 1969లో బాబ్ గోర్ టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్కసారిగా గుంజి సాగదీస్తే. కార్బన్-ఫ్లోరిన్ బంధం మహా గట్టిది, అందుకే అంత బాగా పనిచేస్తుంది, అందుకే నేలలోకి నీళ్లలోకి చేరాక విడిపోదు కూడా. పీఫాస్ అంటే ఆ కుటుంబం మొత్తానికి పేరు. జాకెట్ వేసుకున్నంత మాత్రాన పాపకి ఏదో అయిపోతుందని భయపడక్కర్లేదు అమ్మా, పెద్ద సమస్య ఫ్యాక్టరీ దగ్గర, ఉతికిన నీళ్లలో, చివరికి చెత్తలో పారేశాక. అయినా కొత్తది కొనేటప్పుడు అవి లేనిదే కొనడం మంచిది, ఇప్పుడు దొరకడం కష్టం కూడా కాదు.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి కావాలని పీఫాస్ కలిపిన బట్టలు అమ్మకూడదు. బాగా తడి వాతావరణం కోసం చేసిన ప్రత్యేకమైన వాటికి మాత్రం 2028 దాకా గడువిచ్చారు, కానీ వాటి మీద పీఫాస్‌తో చేశామని రాయాల్సిందే. ఒక్క రాష్ట్రం కోసం వేరే జాకెట్ ఎవడు కుడతాడు, అందుకని చాలా బ్రాండ్లు మొత్తంగానే మార్చేశాయి. గోర్ వాళ్లు 2022 నుంచి ఫ్లోరిన్ లేని ఈపీఈ అనే కొత్త మెంబ్రేన్ తెచ్చారు. పటగోనియా 2025 నాటికి కొత్త సరుకంతా అవి లేకుండానే చేస్తోంది. స్కీ రేసుల్లో స్కీలకి రాసే ఫ్లోరిన్ మైనాన్ని కూడా 2023-24 సీజన్ నుంచి అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఎఫ్ఐఎస్ నిషేధించింది. లేబుల్ మీద పీఎఫ్ఏఎస్ (పీఫాస్‌నే అలా రాస్తారు) ఫ్రీ అనో పీఎఫ్‌సీ ఫ్రీ అనో ఉందా చూడండి. మొదటిదైతే స్పష్టం. రెండోది పాత మాట, ఒక్కోసారి పూతకి మాత్రమే వర్తిస్తుంది, మెంబ్రేన్ సంగతి విడిగా అడగాలి.

కొత్త పూతల్లో ఒక లోటుంది, షాపులో ఎవరూ చెప్పరు. నీళ్లని బాగానే ఆపుతాయి గానీ నూనె జిడ్డుని ఆపలేవు. సన్‌స్క్రీన్, మెడ చెమట, చిప్స్ తిన్న చేతులు, ఇవన్నీ పడి పూత త్వరగా మొద్దుబారుతుంది. అంటే పాత జాకెట్ల కన్నా ఎక్కువసార్లు ఉతకాలి.

ఫ్లీస్ సంగతి కూడా చెప్పేస్తా. పాత ప్లాస్టిక్ సీసాలతో చేసిన ఫ్లీస్ 1993 నుంచే ఉంది, మంచిదే, కానీ అదీ ప్లాస్టిక్కే, ఉతికినప్పుడల్లా సన్నటి పోగులు నీళ్లలో కలుస్తాయి. కాబట్టి కనిపించిన ప్రతిసారీ ఫ్లీస్ ఉతక్కండి, గాలికి ఆరేస్తే చాలు. మెరినో అయితే ఆర్‌డబ్ల్యూఎస్ అనో జెడ్‌క్యూ అనో గుర్తు చూడండి, గొర్రెల తోక కింద చర్మం కోసే పద్ధతి వాడని ఉన్ని అని అర్థం. ఈకల జాకెట్‌కి ఆర్‌డీఎస్ గుర్తు చూడండి, పక్షుల్ని హింసించకుండా తీసిన ఈకలని అర్థం.

ఫ్రిస్కో గోదారోడు:
అన్నా సూపర్. ఇదంతా చదివాక మా ఆవిడ శాంతించింది. ఇప్పుడు అసలు ప్రశ్న, మంచిది కొంటే రేటెక్కువ, చవకది కొంటే పారేయాలి, మధ్యలో దారేమన్నా ఉందా? పాపకైతే వచ్చే ఏడాదికి ఏదీ పట్టదు.

సియాటిల్ చినుకు:
కొనకపోవడమే దారి 🙂 నిజంగానే చెప్తున్నా. జాకెట్, ప్యాంటు రెంట్‌కి ఇచ్చే షాపులు కొలరాడో ఊళ్లలో ఉన్నాయి, సైజులు చెప్పి ముందే బుక్ చేసుకోండి, లాంగ్ వీకెండ్ కాబట్టి ఆఖరి నిమిషంలో దొరకవు. ఒంటికి ఆనుకునే థర్మల్స్, సాక్సులు, గ్లవ్స్ మాత్రం సొంతంగా కొనుక్కోండి, అవి డాలస్‌లో కూడా పనికొస్తాయి. నచ్చి మళ్లీ వెళ్లాలనిపిస్తే అప్పుడు సెకండ్ హ్యాండ్ చూడండి, ఆర్‌ఈఐ అనే అవుట్‌డోర్ సామాన్ల షాపు వాళ్లు ఇతరులు వాడినవి రీసప్లై పేరుతో అమ్ముతారు, పటగోనియాకి వోర్న్ వేర్ ఉంది. ఐదారేళ్ల పాత మంచి జాకెట్, ఉతికి పూత మళ్లీ వేసుకుంటే, కొత్త చవక జాకెట్ కన్నా మేలు. పాత వాటిలో పీఫాస్ ఉండొచ్చు కదా అంటే ఉండొచ్చు, పెద్దవాళ్లకైతే నేను పట్టించుకోను, ఆల్రెడీ తయారైపోయిన దాన్ని చెత్తలో వెయ్యడం కన్నా వేసుకోవడమే నయం. పాపకి వద్దనుకుంటే వద్దు.

పిల్లలకి బర్టన్, కొలంబియా వాళ్లవి కొన్నిట్లో చేతుల దగ్గర, కాళ్ల దగ్గర లోపల ఒక కుట్టు ఉంటుంది, అది విప్పితే అంగుళమో రెండంగుళాలో పొడవు పెరుగుతుంది. రెండు సీజన్లు వస్తుంది, తర్వాత మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి, గంటలో పోతుంది. మీరు కూడా ముందు అక్కడే అడగండి, మీ డాలస్ పక్క ఫ్రిస్కోలో మనవాళ్లు అంతమంది ఉన్నారు, ఎవరి క్లోజెట్‌లోనో ఏడేళ్ల పిల్ల సైజు స్కీ ప్యాంటు ఉండే ఉంటుంది.

బోర్డు బాబాయ్ (డెన్వర్):
చినుకు గారు చెప్పినదానికి ప్లస్ వన్. మర్చిపోకముందే కాళ్ల సంగతి, ఎందుకంటే సెలవు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. రెండు జతల సాక్సులు వెయ్యొద్దు. ఒక్కటే, పల్చటిది, మోకాలి కింద దాకా వచ్చే స్కీ సాక్సు. మందంగా ఉంటే బూటు బిగించగానే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. థర్మల్ ప్యాంటు కొస బూటులోకి దూర్చొద్దు, ఆ మడత పిక్క మీద నొక్కి రెండో రోజుకి నడవనివ్వదు, అందుకే పిక్క దాకా వచ్చే ముప్పావు సైజు దొరికితే అది కొనండి, లేదా పైకి మడవండి. స్కీ ప్యాంటు లోపల ఎలాస్టిక్ ఉన్న ఇంకో గుడ్డ ఉంటుంది, అది బూటు మీదుగా బయట కప్పాలి.

మంకీ క్యాపు హెల్మెట్ కింద పట్టదు, పట్టినా హెల్మెట్ వదులై లాభం లేదు. పల్చటి బాలాక్లావా (తల, మెడ కప్పే పల్చటి ముసుగు) గానీ మెడకి బఫ్ (గొట్టంలా ఉండే గుడ్డ) గానీ చాలు. మంకీ క్యాపు సాయంత్రం ఊళ్లో తిరగడానికి పెట్టుకోండి. పాపకి ఐదువేళ్ల గ్లవ్స్ కన్నా మిటెన్స్ కొనండి, వేళ్లన్నీ ఒక్కచోట ఉంటే వెచ్చగా ఉంటాయి, ఇంకో జత జేబులో పెట్టుకోండి, పిల్లలు మంచు తింటారు, తడిపేస్తారు.

కూకట్‌పల్లి ట్రెక్కర్:
అన్నా మధ్యల దూరుతున్న ఏమనుకోకుండ్రి. మేము హైదరాబాద్ నుంచి జనవరిల గుల్మార్గ్ పోతున్నం, స్కీయింగ్ కోర్సు చేద్దామని. ఈడ అంత సెకండ్ హ్యాండ్ సీన్ లేదు. తంగ్‌మార్గ్ కాడ కోట్లు, బూట్లు కిరాయికి ఇస్తరు అంటున్నరు, అవి సరిపోతయా?

కుట్టుమిషన్:
తమ్ముడూ ఆ కోట్లు గొండోలా (కేబుల్ కారు) ఎక్కి ఫొటోలు దిగి వచ్చేవాళ్ల కోసం. బరువు, తడి పీలుస్తాయి, చెమట బయటికి పోదు. కోర్సు చేస్తే రోజంతా కదలాలి కాబట్టి ప్యాంటు, జాకెట్ సొంతానివి ఉంటేనే హాయి. డెకాథ్లాన్‌లో వాళ్ల వెడ్జె రకం స్కీ బట్టలు దొరికితే మొదలుపెట్టడానికి బాగానే ఉంటాయి, స్టోర్‌లో అన్ని సైజులూ ఉండవు, ముందే ఆన్‌లైన్‌లో చూసుకో. హైదరాబాద్‌లో ట్రెక్కింగ్ బ్యాచ్‌లు చాలా ఉన్నాయి కదా, హిమాలయాలకి వెళ్లొచ్చినవాళ్ల దగ్గర థర్మల్స్, ఫ్లీస్ అడిగి తెచ్చుకో. గొండోలా రెండో స్టేజి అఫర్వత్ వైపు 3,900 మీటర్లు దాటుతుంది, గుల్మార్గ్ ఊరు 2,650 దగ్గర, కింద వేసుకున్నది పైన సరిపోదు, ఆ రోజు లోపల ఒక పొర ఎక్కువ. కొత్తవాళ్ల క్లాసులు కిందే జరుగుతాయి, పైన ప్యాట్రోల్ వాళ్లు వద్దన్న చోటికి పోవద్దు, హిమపాతాలు వస్తాయి.

కూకట్‌పల్లి ట్రెక్కర్:
సమజైంది అన్నా, మస్తు థ్యాంక్స్.

ఫ్రిస్కో గోదారోడు:
అప్‌డేట్ అండి. గ్రూపులో అడిగితే పాపకి ప్యాంటు, జాకెట్ రెండూ దొరికేశాయి, ఫ్రీగా ఇచ్చారు. మాకు రెంట్ బుక్ చేశా, మెరినో మాత్రం కొన్నాం. పాప జాకెట్ మీద నీళ్లు పోసి చూస్తే జారట్లేదు, గుడ్డ నల్లగా తడిసిపోతోంది, లోపలికి మాత్రం రావట్లేదు. పాడైపోయిందా?

కుట్టుమిషన్:
పాడవలేదు, మెంబ్రేన్ బాగుంది, పైపూత అరిగింది. అలా వదిలేస్తే బయటి గుడ్డ నాని ఆవిరి బయటికి పోదు, పాప లోపలి చెమటకే తడుస్తుంది, మీరేమో కారుతోందనుకుంటారు. మామూలు డిటర్జెంట్ వద్దు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అస్సలు వద్దు. నిక్‌వాక్స్ టెక్ వాష్ లాంటిది వేసి జిప్పులన్నీ మూసి ఉతకండి. లోపలి లేబుల్ మీద డ్రయర్ గుర్తు ఉంటే తక్కువ వేడి మీద ఓ ఇరవై నిమిషాలు తిప్పండి, చాలాసార్లు ఆ వేడికే పాత పూత మళ్లీ లేస్తుంది. మళ్లీ నీళ్లు చల్లి చూడండి. అప్పటికీ జారకపోతే టీఎక్స్ డైరెక్ట్ అని అదే కంపెనీది, ఫ్లోరిన్ ఉండదు, స్ప్రే రకం తీసుకుని తడి జాకెట్ మీద బయటివైపు మాత్రమే కొట్టండి. భుజాలు, చేతులు, టోపీ మీద కాస్త ఎక్కువగా.

బోర్డు బాబాయ్ (డెన్వర్):
జాకెట్ ఎడమ చేతి మీద చిన్న జిప్పు జేబు ఉంటే అందులో లిఫ్ట్ పాస్ ఒక్కటే పెట్టు తమ్ముడూ, ఫోన్ దాని పక్కన ఉంటే గేటు దగ్గర పాస్ చదవదు. ఫోన్ లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకో, చలికి బ్యాటరీ టక్కున పడిపోతుంది.